బావ చెప్పిన లెక్క

మూడు తుపాకీ గుళ్ళూ ఒకే చిల్లులోంచి దూరాయి. గురి కాగితం మీద ఆ చిల్లు చొక్కా బొత్తాం అంత కూడా లేదు. వెండెల్ ప్రూయిట్ ఆ కాగితం పట్టుకుని సిగ్గుపడుతూ నవ్వుతుంటే క్లబ్బు జనమంతా అతని చుట్టూ మూగారు. ఆరిన్ స్కోగెన్ మాత్రం తన బల్ల దగ్గరే ఉండిపోయి, తుడిచిన తుపాకీనే మళ్ళీ తుడిచాడు.

"ఏం తూటా అది? కొట్లో దొరుకుతుందా?" అని ఎవరో కొత్తాయన అడిగాడు.

"కొట్లో ఎక్కడిదండీ! అది వెండెల్ తూటా," అంది గ్లెండా హ్రూస్కా. క్లబ్బుకి పెద్ద ఆవిడే.

వెండెల్ తూటా! ఆరిన్‌కి కడుపు భగ్గుమంది. మామూలు తూటాలో మందు పట్టే ఇత్తడి గొట్టం, అదే కేసు, తీసుకుని, దాని మెడ నొక్కి, భుజాలు వెనక్కి తోసి, లోకంలో ఇంకెక్కడా లేని కొలత గీసినవాడు ఆరిన్. ఆ కొలతకి బారెల్ లోపల తూటా కూర్చునే గది తొలవడానికి ప్రత్యేకంగా రీమర్ అనే పనిముట్టు చేయించినవాడు ఆరిన్. రెండు చలికాలాలు గరాజులో వేళ్ళు కొంకర్లు పోయేలా కూర్చున్నవాడు ఆరిన్. వెండెల్ చేసిందల్లా "బావా, ఆ రీమర్ ఓసారి ఇస్తావా, నేనూ ఒక బారెల్ తొలిపించుకుంటా" అని అడగడమే. చెల్లెలి మొగుడు అడిగితే లేదనగలడా? ఇచ్చాడు. ఇప్పుడు ఏడుస్తున్నాడు.

రీమర్ ఒకటే, కొలత ఒకటే. అయినా వెండెల్ తుపాకీ ఒకే చిల్లు పెడుతుంది, ఆరిన్ తుపాకీ మాత్రం కోళ్ళకి గింజలు చల్లినట్టు కాగితమంతా చల్లుతుంది. ఏ దేవుడైనా ఇంత పక్షపాతం చూపిస్తాడా?

అసలు భయం వేరే ఉంది. క్లబ్బు గదిలో పొయ్యి పైన ఒక పాత చెక్క పలక వేలాడుతుంటుంది. ఆ ఊళ్ళో ఎవరు సొంతంగా తూటా పుట్టించినా దాని పేరు ఎర్రగా కాల్చిన కడ్డీతో ఆ పలక మీద రాస్తారు. పుట్టించినంత మాత్రాన పేరు దక్కదు. దుప్పుల వేట మొదలయ్యే ముందు జరిగే పోటీలో ఆ తూటాతో అందరికంటే బాగా కొట్టినవాడి పేరే దానికి పడుతుంది. పలక మీదున్నవాళ్ళలో సగం మంది ఎప్పుడో మట్టిలో కలిశారు. వాళ్ళ పేర్లు మాత్రం మనవలు కూడా రోజూ పలుకుతున్నారు. ఆరిన్‌కి మనవలు కాదు కదా పిల్లలే లేరు. పోటీ వచ్చే ఆదివారం. ఆ రోజు వెండెల్ గెలిస్తే, ఆరిన్ కన్న బిడ్డకి ఊరంతా కలిసి ఇంకొకడి ఇంటిపేరు పెట్టేస్తారు.

ఇంటికొచ్చేసరికి భార్య ఆర్డిత్ దుప్పి మాంసం, బంగాళాదుంప ముద్ద వడ్డించి కూర్చుంది.

"నీ చెల్లెలు లావన్ ఫోన్ చేసిందిలే. వాళ్ళాయన ఒకే చిల్లు పెట్టాడటగా?"

"గాలి లేదు. ఎవడైనా పెడతాడు."

"మరి నువ్వు కొట్టినప్పుడు మాత్రం తుఫాను వచ్చిందా?"

ఆరిన్ ఫోర్కుతో బంగాళాదుంప ముద్దని కసిగా పొడిచాడు.

"దాన్నెందుకు పొడుస్తావు, అదేం చేసింది నిన్ను? అంత మంటగా ఉంటే తూటాలో మందు ఎంత పోస్తున్నాడో వెళ్ళి అడుగు. నీ బావేగా, పరాయివాడు కాదుగా."

"నేనడగను."

"అడక్కపోతే కుళ్ళి చావు. యాపిల్ పై కావాలా, వద్దా?"

పై తిన్నాడు. రుచి తెలియలేదు.

నిజానికి ఈ మంట తూటాతో మొదలైంది కాదు. వెండెల్ తలమీద ఈ వయసులోనూ జుట్టు దట్టంగా ఉంది. వెండెల్ పెరట్లో టమాటాలు మంచు పడేదాకా కాస్తాయి. ఆరిన్ కుక్క, ఆరిన్ తిండి తిని బతికే కుక్క, వెండెల్ ట్రక్కు చప్పుడు వింటే చాలు తోక ఊపుకుంటూ గేటు దాకా పరిగెడుతుంది. వీటన్నిటినీ ఆరిన్ ఇన్నాళ్ళూ పళ్ళు కొరుకుతూ భరించాడు. తూటా దగ్గరికొచ్చేసరికి ఓపిక అయిపోయింది.

మంగళవారం వెండెల్ తీసుకెళ్ళిన నిచ్చెన ఇచ్చేద్దామని వచ్చాడు. కుక్క యథాప్రకారం ఎదురెళ్ళింది. ఆరిన్ ఏదో గుర్తొచ్చినట్టు మొహం పెట్టి అడిగాడు.

"అవునూ బావా, ఆ కొత్త రకం మందు వాడుతున్నావు కదా. ఎంత పోస్తున్నావేంటి?"

వెండెల్ నిచ్చెన గోడకి ఆనిస్తూనే లెక్క చెప్పేశాడు. కళ్ళు కూడా తిప్పలేదు.

"అంతేనా? కేసు మెడ దాకా కూడా రాదే!"

"అంతే బావా. నీకు వేగం పిచ్చి. ఈ తూటాని పరుగు పెట్టిస్తే దానికి ఒళ్ళు మండుద్ది, నెమ్మదిగా పంపితే చెప్పిన మాట వింటది."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అమెరికాలో వాళ్ళుండే ఆ మోంటానా పల్లెల్లో సొంతంగా తూటాలు నింపుకునేవాళ్ళ మధ్య ఒక మర్యాద ఉంది. మందు లెక్క అడిగితే లేదనకూడదు. అలాగని ఉన్నది ఉన్నట్టు చెప్పకూడదు. ఒక తుపాకీ తట్టుకున్న మందు పక్కదాన్ని పేల్చెయ్యవచ్చు. విన్నవాడు తొందరపడి చేతులు కాల్చుకుంటే ఆ పాపం చెప్పినవాడిదే. అందుకని మందు తూచే గ్రెయిన్లలో ఒకటో అరో కోసి చెబుతారు. విన్నవాడు కింద నుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి వెళతాడు. అబద్ధమని ఎవరూ అనుకోరు.

వెండెల్ ట్రక్కు మలుపు తిరగకముందే ఆరిన్ బుర్రలో లెక్కలు మొదలయ్యాయి. మర్యాదకి కోసింది కొంత. ఎదురుగా పోటీ ఉంది కనక కోసింది మరికొంత. నెమ్మదిగా పంపాలట! ఎవరికి చెబుతాడు కథలు? తాను వెండెల్ స్థానంలో ఉంటే ఇంకా ఎక్కువే కోసేవాడు. అంత ఖచ్చితంగా తెలుసు కనకనే అతనికి అనుమానం రాలేదు. ఆ సాయంత్రమే అదే రకం మందు డబ్బా కొనుక్కొచ్చి, వెండెల్ దాచాడనుకున్నదంతా కలుపుకుని నింపాడు. పైన ఇంకొంచెం పెంచినవి కూడా కొన్ని నింపి పక్కన పెట్టుకున్నాడు. కింద నుంచి మొదలుపెట్టడానికి ఆదివారం దాకా టైమెక్కడుంది? కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఇలా చేస్తే చెవి మెలిపెట్టే మనిషే అతను.

గురువారం గడ్డిచేను వెనక వాగు గట్టున కూర్చుని మొదటిది పేల్చాడు. తూటా వెనక మూసే బోల్ట్ పట్టేసింది. గట్టిగా గుంజితే కానీ కేసు బయటికి రాలేదు. దాని అడుగున మందుకి నిప్పంటించే ప్రైమర్ బిళ్ళ నున్నగా అణిగిపోయి ఉంది. ఇక చాలు, ఆపమని తుపాకీ చెప్పే మాట అదే. ఆ సంగతి ఆరిన్‌కి తెలియక కాదు. "వెండెల్‌కీ ఇలాగే పట్టేస్తుంది, పైకి చెప్పడు దొంగ," అనుకుని రెండోది పేల్చాడు.

దుర్భిణిలోంచి చూస్తే రెండు గుళ్ళూ ఒకదాన్నొకటి తాకుతూ దిగబడ్డాయి. దొరికావురా బావా! ఈసారి మందు పెంచిన తూటా తీసి పెట్టాడు.

పేలిన చప్పుడే వేరుగా ఉంది. వెనక నుంచి వేడి గాలి బుస్సుమని మొహం మీదికి కొట్టింది. కళ్ళద్దాలు నల్లబడ్డాయి, చెంప చురుక్కుమంది. బోల్ట్ కదల్లేదు. అరచేత్తో కొట్టాడు, బూటుతో తన్నాడు. కదల్లేదు.

ఇంట్లోకి వచ్చిన మొగుడి మొహం చూసి ఆర్డిత్ తిట్లు లంకించుకుంది. ఆరిన్ వద్దంటున్నా వినకుండా వెండెల్‌కే ఫోన్ చేసింది. పది మైళ్ళ దూరం నుంచి వెండెల్ ఎలా వచ్చాడో గానీ, ఆమె తిట్లు పూర్తికాకముందే గుమ్మంలో ఉన్నాడు. తుపాకీ వైపు చూడలేదు. బావ గడ్డం పట్టుకుని వెలుతురులోకి తిప్పాడు.

"కళ్ళు తెరువు. ఇటు చూడు. అటు చూడు. ఎన్ని వేళ్ళు?"

"రెండు. గుడ్డివాణ్ణేం కాలేదులే."

"ఆ అద్దాలకి దణ్ణం పెట్టుకో."

తర్వాత గరాజులో తుపాకీని బల్లకి బిగించి, రబ్బరు సుత్తితో బోల్ట్‌ని అలా అలా తట్టి ఊడదీశాడు. కేసు బయటికొచ్చింది. ప్రైమర్ ఉండాల్సిన చోట కన్నం ఉంది. వెండెల్ దాన్ని వేళ్ళ మధ్య తిప్పి చూశాడు.

"ఎంత పోశావు?"

అబద్ధం ఆరిన్ నాలిక చివరిదాకా వచ్చింది. చెంప మండుతోంది. నిజమే చెప్పాడు.

"నేను చెప్పింది అది కాదుగా బావా."

"కోసి చెప్పావనుకున్నా."

వెండెల్ సుత్తి కింద పెట్టాడు.

"గ్లెండాకి ఒక గ్రెయిన్ కోసి చెప్పా. మా సొంత అన్నకీ కోసే చెప్పా. నీకు ఎప్పుడు కోశాను?"

"పోటీ ఉంది కదా అని..."

"ఏం పోటీ? ఆదివారం నేను రానని గ్లెండాకి ముందే చెప్పేశా. నీ తూటా అది. దాని మీద నా పేరు పడితే మీ చెల్లెలు నాకు అన్నం పెడుతుందా?" అన్నాడు. నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. "నా తుపాకీ ఇచ్చిపోతా. దాంతో కొట్టు."

ఆదివారం ఆరిన్ కాలిన చెంపకి పూతమందు రాసుకుని, వెండెల్ తుపాకీతో, వెండెల్ నింపిన తూటాలతో ఒకే చిల్లు పెట్టాడు. గ్లెండా కడ్డీ కాల్చి పలక మీద స్కోగెన్ అని రాసింది. అందరూ చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టింది వెండెల్. అన్నాళ్ళు కోరుకున్న పేరు కళ్ళెదుట పొగలు కక్కుతుంటే ఆరిన్ దాని వైపు చూడలేకపోయాడు. సిగ్గుతో చచ్చిపోయాడు.

మంచు పడ్డాక ఇద్దరూ కలిసి ఆరిన్ తుపాకీకి కొత్త బారెల్ బిగించారు. వెండెల్ ఎప్పటిలాగే ఓపిగ్గా చేశాడు, కాఫీ తాగాడు, కుక్క తల నిమిరాడు. వెళ్ళబోతుంటే ఆరిన్ గొంతు సవరించుకున్నాడు.

"మందు ఎంత పొయ్యమంటావు బావా?"

వెండెల్ చేతికి తొడుగులు వేసుకుంటూ ఒక్క క్షణం ఆగాడు. తర్వాత ఒక లెక్క చెప్పాడు. నిచ్చెన తెచ్చిన రోజు చెప్పినదానికంటే అది సరిగ్గా ఒక గ్రెయిన్ తక్కువ.

"అక్కణ్ణుంచి మెల్లగా పైకి వెళ్ళు," అన్నాడు మర్యాదగా.