213వ పేజీ

మా పరిశోధన సంస్థలో అందరూ నన్ను సీఐడీ అంటారు. లైబ్రరీ నడిపేదాన్ని సీఐడీ అనడమేమిటని మొదట్లో కోపం వచ్చేది. తర్వాత అలవాటైపోయింది. నిజానికి నా పని కూడా అలాంటిదే. ఏ శాస్త్రవేత్తకైనా ప్రమోషన్ రావాలంటే, ఆయన వ్యాసాలను ఎంతమంది ఇతరులు తమ వ్యాసాల్లో పేర్కొన్నారో లెక్క తేల్చి సంతకం పెట్టాలి. ఆ పేర్కొనడాన్నే సైటేషన్ అంటారు. విభాగాధిపతి కుర్చీకి కనీసం యాభై ఉండాలి.

ఈసారి ఆ కుర్చీకి దరఖాస్తు పెట్టింది మా వదిన, అంటే మా అన్నయ్య భార్య. నీరు తక్కువైతే చిక్కుడు వేళ్ళు ఎలా సాగుతాయో చూసి, ఆరేళ్ళ కిందట ఒక వ్యాసం రాసింది. అయిదేళ్ళలో దానికి వచ్చినవి తొమ్మిది సైటేషన్లు. ఈ ఒక్క ఏడాదిలో నూట నలభై రెండు. చిక్కుడు తీగ కూడా అంత తొందరగా పాకదు.

నిప్పు లేనిదే పొగ రాదుగా. అన్నీ ప్రింటు తీసి, ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చున్నాను. మధ్యాహ్నానికి తీగ దొరికింది. వదిన వ్యాసం మొదలయ్యేది 231వ పేజీలో. బీరువాలోంచి అది అచ్చయిన పత్రిక సంచిక తీసి మరీ చూశాను. కొత్తగా వచ్చినవాటిలో రెండు తప్ప అన్నింటిలోనూ 213 అని ఉంది. ఆ పేజీలో ఉన్నది ఎవరిదో పుట్టగొడుగుల గురించిన వ్యాసం. నూట నలభై మంది విడివిడిగా ఒకే తప్పు చేయరు. ఎవరో జాబితా తయారుచేసి పంచిపెట్టారన్నమాట.

దరఖాస్తులో మాత్రం వదిన 231 అనే రాసింది. తనకైతే సరిగ్గా రాసుకుని, పంచేటప్పుడు చెయ్యి జారిందనుకున్నాను. పైగా మొన్న ఆదివారం వాళ్ళింటికి వెళితే, చెప్పులు విప్పకముందే లెక్క ఎంతవరకు వచ్చిందని అడిగింది. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకోవడమంటే ఇదేననిపించింది. బాధ వేసింది, కానీ బాధకంటే కోపమే ఎక్కువ. మర్నాడు పొద్దున్నే, ఈ సైటేషన్లు అనుమానాస్పదంగా ఉన్నాయని ఉత్తరం రాసి ప్రమోషన్ల కమిటీ గుమస్తా చేతిలో పెట్టాను.

గంటలోపే వదిన లైబ్రరీకి వచ్చింది. కమిటీ సంజాయిషీ అడిగిందట. గోళ్ళలో ఇంకా మట్టి ఉంది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. కుర్చీ లాక్కుని, నా ఎర్ర గీతలన్నీ ఒక్కొక్కటే చూసింది.

"ఈ 213 ఎక్కడ పుట్టిందో వెతికావా?" అంది.

"నువ్వే చెప్పాలి వదినా."

తను నా కంప్యూటర్ తనవైపు తిప్పుకుని మా సైటు తెరిచింది. విద్యార్థులు వెతుక్కోవడానికి ఇబ్బంది పడుతున్నారని, నిరుడు నేనే లైబ్రరీ వెబ్‌సైటులో ఒక జాబితా పెట్టాను. 'రెడీ రిఫరెన్సులు, కాపీ చేసుకోండి' అని దానికి శీర్షిక కూడా నాదే. చిక్కుళ్ళ కింద మొదటి వరుసలో వదిన వ్యాసం ఉంది. పేజీ 213. టైపు చేసింది నేనే.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడం అంటే వినడమే గానీ, నాకే జరుగుతుందనుకోలేదు.

"ఇంతమంది ఒక్కసారిగా నన్ను చదివారంటే నాకే నమ్మకం కలగలేదు. అందుకే ఆదివారం నిన్ను అడిగాను," అంది వదిన. "సరైన పేజీ వేసినవాళ్ళు ఎంతమంది?"

పాత తొమ్మిది, కొత్త రెండు. పదకొండు.

"అయితే పదకొండే రాయి."

తప్పు నాదని ఒప్పుకుంటానని, ఎలా వచ్చినా సైటేషన్ సైటేషనేనని, యాభై లేకపోతే కుర్చీ పోతుందని బతిమాలాను. వదిన ఒప్పుకోలేదు.

"మిగతావాళ్ళు నీ జాబితాలోంచి దించుకున్నవాళ్ళే, నా వ్యాసం మొహమైనా చూళ్ళేదు. పోనీ, నువ్వు చూశావా?"

పేజీ నంబరు చూశానన్నాను. వదిన చిన్నగా నవ్వి, మొక్కలకు నీళ్ళు పెట్టే వేళయిందని వెళ్ళిపోయింది.

సంచిక ఇంకా బల్లమీదే ఉంది. 231వ పేజీ తీశాను. అర్థమైనంత చదువుకుంటూ చివరిదాకా వెళ్ళాను. ఆఖరి పేరాలో కృతజ్ఞతలు. తన గైడు, తోటమాలి, వాళ్ళ తర్వాత ఒక వాక్యం: 'సెలవు పెట్టి మరీ రెండు వారాలు నా పక్కన కూర్చుని, నాలుగు వందల మొక్కల వేళ్ళు ఒక్కటీ తెగకుండా కడిగిన మా ఆడపడుచుకు.'

ఆ బకెట్లు, ఆ బురద, మా ఇద్దరి నవ్వులు అన్నీ గుర్తొచ్చాయి. ఆరేళ్ళుగా ఈ సంచిక నా బీరువాలోనే ఉంది.

జాబితాలో తప్పు నాదేనని, వదినకు ఏ పాపమూ తెలియదని కమిటీకి రెండో ఉత్తరం రాశాను. ఫారంలో సైటేషన్ల గడిలో పదకొండు అని వేసి సంతకం పెట్టాను. ఆ వ్యాసం చదివినవాళ్ళు ఎంతమందో రాయడానికి ఫారంలో గడి లేదు. ఉంటే, ఆ పూట దానికి ఒకటి కలిపేదాన్ని.