నాయనమ్మ అడిగిన అడిషనల్

పాఠాలన్నీ పిల్లకి కంఠతా వచ్చు. నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా చెబుతుంది. అలాంటి పిల్ల స్కూల్లో పెట్టిన ప్రీఫైనల్లో సగం పేపరు తెల్లగా వదిలేసి వచ్చింది. ఎందుకలా చేశావని తల్లి నిలదీసింది. అసలు పదో తరగతి పరీక్షలు ఇక ఎంతో దూరం లేవు.

"నాకు రాక కాదమ్మా," అంది పిల్ల తల వంచుకుని. "పక్కన ఎవరో ఒకరు లేచి 'సార్, అడిషనల్' అంటారు చూడు, వాళ్లు అప్పుడే ఇచ్చిన కాగితాలన్నీ నింపేశారు, నేనింకా ఇక్కడే ఉన్నానే అనిపిస్తుంది. ఇక చెయ్యి కదలదు."

తల్లి బట్టలు కుడుతుంది. జాకెట్టు ఎక్కడ పట్టేస్తుందో వేసుకుని చూస్తేనే తెలుస్తుంది గానీ హ్యాంగరుకి తగిలిస్తే తెలియదు. ఇంట్లో పెట్టి చూసే మాక్ పరీక్షా అంతేననుకుంది. పిల్లని ఒంటరిగా గదిలో పెట్టి తలుపేస్తే లాభం లేదు. అందుకే కుట్టుమిషను గోడవారకి జరిపి, రెండు బల్లలు వేసి, పిల్ల పక్కన అత్తగారిని కూడా పరీక్షకి కూర్చోబెట్టింది.

"నాకు సంతకం తప్ప ఏం రాదే!" అంది ముసలావిడ.

"రానక్కర్లేదు అత్తయ్యా. గీతలు గీయండి. కాగితం నిండగానే లేచి అడిషనల్ అని అరవండి, చాలు."

ఆవిడకి అంతకన్నా ఏం కావాలి! గంట కొట్టిన కాసేపటికే "మేడమ్, అడిషనల్!" అని ఇల్లెగిరిపోయేలా అరిచింది. పిల్ల పెన్ను ఠక్కున ఆగిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. తల్లి ప్రాణం విలవిల్లాడింది. కానీ తను ఇన్విజిలేటరాయె. నోరు మెదపకుండా కాగితం ఇచ్చి వెళ్లింది.

ప్రతి ఆదివారం ఇదే తంతు. ముసలావిడ కాగితాల మీద కాగితాలు నింపేసి, కుట్టుదారంతో కట్టి, క్లాసులో ఫస్టు వచ్చేదానిలా మనవరాలి వైపు గర్వంగా చూసేది. ఒకసారి పిల్ల ఫక్కున నవ్వింది. ఇంకోసారి నవ్వనూ లేదు, తలెత్తనూ లేదు. ఆ తర్వాతి వారం ముసలావిడ గొంతు చించుకుంటుంటే, అటు చూడకుండానే పిల్ల ఎడమచెయ్యి పైకి లేచింది. కుడిచెయ్యి రాస్తూనే ఉంది.

"అడిషనల్."

తను ఉగ్గుపాలు పట్టి పెంచిన పిల్లే. అయినా ఇంత పిల్లలో ఇంత నిబ్బరం ఎక్కడినుంచి వచ్చిందో అంతుపట్టక, తల్లి నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది.

"మేడమ్, నిద్రపోతున్నారా?" అని అత్తగారు కసిరితే గానీ కాగితం ఇవ్వాలన్న సంగతే గుర్తు రాలేదు.

అసలు పరీక్ష రోజు అత్తాకోడళ్లిద్దరూ గేటు దగ్గర జనంలో నిలబడ్డారు. పిల్ల బయటికొచ్చింది, వేళ్లనిండా సిరాతో.

"నీ పక్కవాళ్లు అడిషనల్ అడిగారా?" ముసలావిడ ఆత్రంగా అడిగింది.

"ఏమో నాయనమ్మా. అడిగే ఉంటారు. నాకు వినబడలేదు."

"వాళ్లకి నా అంత గొంతు ఎక్కడుందిలే," అంది ముసలావిడ.

తల్లి మాత్రం సిరా అంటిన ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, అలాగే చూస్తూ నిలబడింది.