కప్పతల్లికి పడవ

సముద్రంలో మునిగేవాళ్లను పైకి తీసే పడవకు చందా ఇయ్యండని సిద్దమ్మ అడిగితే, అంగడి అరుగు మీద కూర్చున్నవాళ్లంతా పొట్టలు పట్టుకుని నవ్వినారు. రెండేండ్లుగా ఆ ఊళ్లో వాన లేదు. బావిలో చేద వేస్తే రాయికి తగిలి టంగుమంటుంది. తాగే నీళ్లు కూడా పక్క ఊరి నుంచి బిందెలతో మోసుకురావాల.

"మునగడానికి మాకు నీళ్లు యాడుండాయి సిద్దమ్మా?" అన్నాడు అంగడి రామకోటయ్య శెట్టి, బెల్లం తూస్తా. "ముందు మమ్మల్ని ముంచు. పైకి తీసే సంగతి తర్వాత మాట్లాడుకుందాం."

సిద్దమ్మ నవ్వలేదు. ఆమె కొడుకు ఓబులేసు కూలికని నెల్లూరు దిక్కు ఉప్పు పండించే కొటార్లకు పోయి, పెనుగాలికి ఉప్పు పడవ తిరగబడి సముద్రంలో పడినాడు. అక్కడి పాళెంలో జాలరి కుర్రోళ్లు కొందరు ఆ గాలిలోనే పడవ దింపి, వాణ్ణి జుట్టు పట్టుకుని లాక్కొచ్చినారు. ఎవరు పడినా అట్లే పోతారు, కూలి అడగరు. ఆ దినం వాళ్ల పడవ తిరగబడిన ఉప్పు పడవకు కొట్టుకుని పగిలిపోయింది. కొడుకును పిల్చుకురాను పోయిన సిద్దమ్మ ఆ చిల్లిలో చెయ్యి పెట్టి చూసింది, మోచేతి దాకా దూరింది. కార్తీకంలో తుఫాన్లు మొదలయ్యేలోగా కొత్త పడవకు మా ఊరి తరపున సాయం తెస్తానని వాళ్ల పెద్దకు మాటిచ్చింది. ఊరి తరపున అనేసింది గానీ, ఊరిని అడగలేదు.

ఇంటింటికీ తిరిగింది. ఎవరింట్లోనైనా శెట్టి మాటే, శెట్టి నవ్వే.

ఇంతలో వాన కోసం కప్పతల్లిని తిప్పాలని ఆడవాళ్లంతా అనుకున్నారు. రోకలికి వేపమండలు చుట్టి, కప్పను కట్టి, ఇద్దరు భుజాన మోసుకుపోయి గడప ముందర నిలబడితే, ఆ ఇంటివాళ్లు కప్ప మీద నీళ్లు పోసి, చేటలో గింజలు వెయ్యాల. వెయ్యకపోతే వీళ్లవల్లే మబ్బు ఎగిరిపోయిందని ఏడాది పొడుగునా ఊరు దెప్పుతుంది. అందుకే కప్పతల్లికి లేదనే ధైర్యం ఎవరికీ లేదు.

తీరా చూస్తే ఊరంతా గాలించినా కప్ప దొరకలేదు. తడి లేని ఊళ్లో అదేం చేస్తుంది, అదీ వలస పోయింది.

"ఇప్పుడెట్లక్కా?" అంది గిడ్డమ్మ, ఒట్టి రోకలి భుజాన పెట్టుకుని.

"పోయిన కప్ప నడిచి వస్తుందా? పడవ పంపిద్దాం," అని సిద్దమ్మ ఇంట్లోకి పోయి, ఓబులేసు కొటార్ల కాడ చెక్కుకున్న మూరెడు కొయ్య పడవ తెచ్చి రోకలికి కట్టింది. "ఒకటి ముందే చెప్తాండా. ఈసారి గింజలు మనం వండుకునేది లేదు. పాళెం పడవకే."

"పాయసం పాయె," అని గొణిగి గిడ్డమ్మ నడిచింది. ఓబులేసును చిన్నప్పుడు ఎత్తుకు తిప్పింది ఆమే.

పాడుకుంటా శెట్టి ఇంటి ముందరికి వచ్చేసరికి ఊరు సగం వాళ్ల వెనకే ఉంది.

"కప్పేది?" అన్నాడు శెట్టి.

"వస్తాండాది శెట్టీ. పడవ పంపినాం," అంది సిద్దమ్మ.

"ఇది నీ చందా పడవ గదా?"

"అదే. గింజలు దానికే పోతాయి, దాచేదేముంది. ఇష్టం లేకుంటే వద్దులే. పదండమ్మా. శెట్టి పొయ్యలేదని ఎవరికీ చెప్పొద్దండి."

శెట్టి ఆకాశం దిక్కు చూసినాడు, జనం దిక్కు చూసినాడు. లోపలికి పోయి ముంతెడు నీళ్లు తెచ్చి, నెయ్యి వడ్డించినట్లు పోసినాడు.

"ఈ కాసిన్ని నీళ్లకు పడవ కదుల్తుందా శెట్టీ? కప్ప దూరాన ఉండాది."

శెట్టి నోరు తెరిచేలోగా ఆయన భార్య కన్యకమ్మ బిందెతో వచ్చి గుమ్మరించింది. శెట్టి పంచె కూడా తడిసింది. ఆమె మళ్లీ పోయి చేటెడు కొర్రలు తెచ్చి పోసింది. శెట్టి ఇంట చేటెడు పడిందని తెలిసినాక, తక్కిన ఇండ్లలో దోసిళ్లు కాస్త పెద్దవైనాయి.

గింజలు రాజంపేటలో అమ్మి, కార్తీకానికి ముందే ఓబులేసు పాళెం పోయి డబ్బు ఇచ్చి, కొత్త పడవ నీళ్లలో దిగేదాకా ఉండొచ్చినాడు. వాన మాత్రం రాలేదు.

"కొర్రలూ పాయె, వానా పాయె," అని అరుగు మీదివాళ్లు శెట్టిని ఎగతాళి చేస్తాంటే, సిద్దమ్మ ఉప్పు కొనను వచ్చింది, వెనకనే ఓబులేసు.

"పడవ మీద మన ఊరి పేరు రాసినారా ఓబులేసూ?" అన్నాడు శెట్టి.

"రాసినారు శెట్టీ. ఎర్రరంగుతో, పక్కన."

"అల తగులుతుందా?"

"దినామూ."

"విన్నారా అప్పా," అన్నాడు శెట్టి అరుగు దిక్కు తిరిగి. "మన ఊరి పేరన్నా తడుస్తాండాది. ఈ ఏడాదికి ఆ వాన చాలు."

అప్పుడు నవ్వింది సిద్దమ్మ. వచ్చే ఏడు తెరచాపకు కూడా చందా అడగను వస్తానని ఆ పూట మాత్రం చెప్పలేదు.