కారు షెడ్డులో పనిబల్ల

నా భార్య స్వర్ణ పోయిన ఏడాదికి కారు అమ్మేశాను. మదనపల్లెలో మా ఇంటి షెడ్డు ఖాళీ అయింది. అప్పుడే పుంగనూరులో రోడ్డు వెడల్పు చేస్తూ వెంకటప్ప కొట్టు ఉన్న వరుసంతా పడగొట్టారు. ముప్పై ఏళ్ళ కిందట మా తలుపులూ కిటికీలూ చేసిన వడ్రంగి ఆయన. "మా షెడ్డులో పని పెట్టుకో ఆచారీ, నాకూ తోడుంటుంది" అన్నాను.

వచ్చాడు. గోడకు మేకులు కొట్టి రంపాలు, ఉలులు తగిలించాం. రెండు ట్యూబ్‌లైట్లు వేయించాను. అయినా ఆయన ప్రతి పలకనూ బయట ఎండలోకి తీసుకుపోయి చూసేవాడు. అనుమానం వచ్చి కుప్పంలో కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. షుగరు వల్ల లోపల దెబ్బతిందని, పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నది కూడా నిలవకపోవచ్చని ఆమె రెండుసార్లు చెప్పింది. రెండోసారి ఆయన చేయి పట్టుకుని చెప్పింది.

తిరిగి వస్తూ బస్సులో వెంకటప్ప అన్నాడు: "కొత్త కొట్టులో మొదట పనిబల్ల చేసుకోవల్ల సార్. అది కదలకుండా నిలబడితే పని పట్టుకుంటా. లేదంటే ఉలి ముట్టను. జనాల ఇండ్లకు వంకర తలుపులు బిగించి బతకల్నా నేను?"

పదకొండు రోజులు చేశాడు. ఒక కన్ను మూసి పలక అంచు చూడటం ఆయన అలవాటు. ఇప్పుడు చూసి, ఆగి, వేళ్ళతో తడిమేవాడు. పక్కింటి బాలప్ప గేటు దగ్గర నిలబడి "ఏమప్పా ఆచారీ, బల్లనా, పెండ్లిపందిరా?" అనేవాడు. "పందిరే. పిల్లనిచ్చేటోళ్ళుంటే నీకే మళ్ళీ చేస్తాం రాప్పా!" అనేవాడు వెంకటప్ప. అప్పటికి మా ఇంట్లో నవ్వు వినబడి ఏడాది దాటింది.

పన్నెండో రోజు పొద్దున ఆయన రాకముందే బల్ల మీద చేయి ఆనించాను. టక్కుమని ఊగింది.

ఆయన వచ్చి ఆనించాడు. ఆ చప్పుడు ఇద్దరం విన్నాం.

"నేల ఆచారీ," అన్నాను తొందరగా. "కారు కడిగిన నీళ్ళు పోవాలని వాలుగా వేయించాం గదా."

కాళ్ళు సమంగా ఉన్న బల్ల వాలు నేల మీదైనా ఊగదు. కాలేజీలో ముప్పై ఏళ్ళు ఫిజిక్స్ చెప్పినవాణ్ణి, తెలియక అన్న మాట కాదు.

"అట్లనా? అయితే తిప్పి సూద్దాం, పట్టండి సార్. నేలదే తప్పయితే వేరే కాలు లేస్తాది. బల్లదైతే అదే కాలు."

కాదనలేకపోయాను. ఆ కొసను ఈ కొసకు తిప్పి దించాం. ఆయన కూర్చుని నాలుగు కాళ్ళ కిందా వేలు పెట్టి చూశాడు. ఇందాక లేచిన కాలి కిందే ఈసారీ వేలు దూరింది.

"కాస్త చిత్రిక పడితే సరిపోదా?"

"యాడ పట్టాలో కనబడల్ల గదా సార్."

రంపపు పొట్టు మీద అలాగే కూర్చున్నాడు. "అబద్ధం సెప్పడం మీకు సేతకాదు. ఇంగ ఈ వయసులో నేర్సుకోవద్దండి" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. టీ అడిగి తాగాడు.

"రేపు వస్తావా?"

"యాల సార్, ఏం పనుందని?"

ఖాళీ గ్లాసులు లోపల పెట్టి వచ్చాను.

బస్టాండుదాకా నడిచాం. ఆయనుండే చౌడేపల్లెకు పోయే బస్సు బోర్డు చదివి చెప్పాను. ఎక్కబోతుంటే మెట్టు దొరక్క ఆయన పాదం గాలిలో ఆగింది. లోపల ఎవరో ఒకామె కూరగాయల బుట్ట పక్కకు జరిపి చేయి చాచింది. ఆ చేయి ఎటుందో ఆయనకు తెలియలేదు.

"ఈడప్పా, ఈడ," అంది ఆమె.

పట్టుకుని ఎక్కాడు.