పెడల్ మీద మామగారు

బ్రేకుల్లో గాలి తీయడానికి ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు సీట్లో కూర్చుని పెడల్ తొక్కి పట్టాలి, ఇంకొకరు చక్రం పక్కన పడుకుని అక్కడున్న చిన్న నిపుల్ వదులు చేయాలి. ఆయిల్‌తో పాటు గాలి బుడగలు గొట్టంలోంచి సీసాలోకి వచ్చేస్తాయి. నిపుల్ బిగించాకే కాలు తీయాలి. ముందే తీస్తే, బయటికి పోయిన గాలి వెనక్కి వచ్చి కూర్చుంటుంది, ఇక బ్రేకు సరిగా పట్టదు.

మా షెడ్డులో పడుకునేది నేను, తొక్కేది మా మామగారు. షెడ్డు ఆయనదే. నలభై ఏళ్లు నడిపి, మోకాళ్లు అరిగాక నా చేతికిచ్చారు. ఇచ్చారన్న మాటే గానీ పెత్తనం వదల్లేదు. నేను స్పానర్ ఎటు పట్టుకున్నా తప్పే. రోజంతా చెవిలో జోరీగే. ఆయనకు మిగిలిన పని ఈ పెడల్ ఒక్కటే, అదీ పోతే ఇంట్లో కూర్చోవాలి. ఆ రోజెప్పుడొస్తుందా అని రెండేళ్లుగా చూస్తున్నాను, దాచడమెందుకు.

ఆ మధ్యాహ్నం నర్సమ్మ కారుకు బ్రేక్ పైపు మార్చాం. సాయంత్రం ఆవిడ పిల్లలిద్దరినీ ఎక్కించుకుని కొండ దిగి ఇంటికి వెళ్లాలి. వెనక చక్రాలు అయ్యాయి, ముందువీ అయ్యాయి. తొక్కండి, పట్టాను, వదలండి అనే మూడు మాటలతోనే గంట గడిచింది. ఎప్పుడూ నోరు మూయని మనిషి చివరి చక్రం అయ్యాక తేలు కుట్టిన దొంగలా ఉండిపోయారు. నాకు ప్రాణం హాయిగా ఉంది, ఎందుకని అడగలేదు.

ఆయన దిగాక నేనెక్కి నాలుగుసార్లు టకటకా తొక్కి చూశాను. పెడల్ గట్టిగా నిలబడింది. నర్సమ్మకు ఆలస్యమవుతోంది, తాళం ఇచ్చేశాను.

ఆవిడ కారు తలుపు తీసేలోపే మామగారు కుంటుకుంటూ వెళ్లి తాళం తీసేసుకున్నారు. ఆవిణ్ణి కాసేపు కూర్చోమన్నారు.

నాకు ఒళ్లు మండింది. పరాయి మనిషి ముందు నా పనికి వంకలా? తొక్కి చూశాననీ, గట్టిగానే ఉందనీ, ప్రతిదాంట్లో వేలు పెట్టడం ఇకనైనా మానమనీ అనేశాను.

"వరసగా తొక్కితే గాలి ఉన్నా గట్టిగానే తగులుతుంది. ఐదు నిమిషాలు ఆగి ఒక్కసారి తొక్కు" అన్నారాయన.

ఆగి తొక్కాను. పెడల్ మెత్తగా కిందికంటా దిగిపోయింది. ఆ కొండ దారీ, నర్సమ్మ పిల్లలూ గుర్తొచ్చి కారు దిగిపోయాను.

గాలి ఉందని మీకెలా తెలుసని అడిగాను. ఆయన నర్సమ్మ కూర్చున్న వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించారు.

"నా కాలు నిలవలేదు అల్లుడూ. నువ్వు బిగించకముందే లేచిపోయింది, రెండుసార్లు. చెబితే ఈ పని కూడా పోతుందని ఊరుకున్నాను."

ఇంటికి ఫోన్ చేసి మా ఆవిణ్ణి పిలిచాను. వాళ్ల నాన్న పక్కన నిలబడి చెబుతుంటే ఆవిడ తొక్కింది. నాలుగు చక్రాలూ మళ్లీ మొదటినుంచి చేశాం. చివరి చక్రం దగ్గర బుడగలు ఎన్ని వచ్చాయో చూస్తే నాకు సిగ్గేసింది. ఈసారి పది నిమిషాలు ఆగి తొక్కినా పెడల్ నిలబడింది. నర్సమ్మకు తాళం మామగారే ఇచ్చారు.

కారు వెళ్లాక ఆయన మేకుకు వేలాడుతున్న పని చొక్కా తీసి మడతపెట్టారు. రేపటి నుంచి రానన్నారు. రెండేళ్లుగా నేను ఎదురుచూసిన మాట అదే. తీరా విన్నాక ఆయన్ని వెళ్లనివ్వాలనిపించలేదు.

"తొక్కడానికి మీ అమ్మాయి వస్తుంది మామయ్యా. బండి బయటికి వెళ్లొచ్చో లేదో చెప్పడానికి మీరు రావాలి. మీరు సరే అనందే నేను తాళం ఇవ్వను."

ఆయన చొక్కా మడతలు సరిచేశారు. ఆ తర్వాత, పొద్దున ఎనిమిదికి వస్తానన్నారు. మేం షెడ్డు తెరిచేది తొమ్మిదికి.