పేరు పెట్టని ప్రార్థన

భీమన్న షట్టర్‌ను ఒక్క గుంజు గుంజేసరికి లేచిన పసుపు దుమ్ము సువార్త కళ్లల్లో పడింది.

"నరేష్ గాడు మనుషులతోని బైకుల మీద వస్తుండు. ఉలకొద్దు, పలకొద్దు," అన్నాడు వాచ్‌మన్ భీమన్న బయట నుంచి, తాళం వేస్తూ. "ఎనుక దిక్కు ఆటో తెస్త. తలుపు మూడుసార్లు కొడ్త. తీసి ఎక్కుండ్రి. ఏడికి పోవాల్నో నేను చూసుకుంట."

లోపల ఇద్దరే మిగిలారు. పొద్దున్నే కరెంటు పోయింది. పసుపు కొమ్ములను మెరుగుపెట్టే పెద్ద డ్రమ్ము ఆగిపోయింది. కూలీలంతా ఇళ్లకు పోయారు. సువార్త, కృప మాత్రం ఏరాల్సిన కుప్ప మిగిలి ఉందని ఆగారు. అదే కొంప ముంచింది.

కృపకు ఇరవై నాలుగేళ్లు. మొగుడు నరేష్ విరగ్గొట్టిన ఎడమ మణికట్టు సరిగ్గా అతుక్కోలేదు. ఆ చేత్తో గంప ఎత్తలేదు. మూడు వారాల కింద వేల్పూర్ నుంచి కట్టుబట్టలతో పారిపోయి వస్తే, పెర్కిట్‌లో ఒంటరిగా ఉండే సువార్త తన ఇంట్లో పెట్టుకుంది. తను పనిచేసే ఈ షెడ్డులోనే పనికి కుదిర్చింది. దుమ్ముకు ఇక్కడ ఆడవాళ్లంతా ముఖాలకు చున్నీలు చుట్టుకుంటారు. దాక్కోవడానికి ఇంతకన్నా మంచి చోటు దొరకదు. తోటి కూలీలకు ఆమె పేరు పూజిత. అసలు సంగతి సువార్తకూ భీమన్నకూ తప్ప ఎవరికీ తెలియదు.

బయట బైకులు ఆగాయి. మూడు.

కృప షట్టర్ రంధ్రానికి కన్ను ఆనించింది. ఆనించినది ఆనించినట్టే ఉండిపోయింది.

"అక్కా, వాడే. భీమన్న కాక వానికి తంబాకు ఇస్తుండు. నవ్వుతుండు."

బయట భీమన్న గొంతు గట్టిగా వినపడింది. "లోపల ఎవ్వల్లేరు పటేలా. చూస్తనంటే చూడు, నాకేం పోయింది? తాళంచెవి సేటు కాడుంది. పోయి తెస్త, జర నిలబడు."

తాళంచెవి భీమన్న జేబులోనే ఉంది. ఆటో కోసం పోవడానికే ఆ నాటకమని సువార్తకు తెలుస్తూనే ఉంది. కృపకు మాత్రం తెలియలేదు.

"విన్నవా? తాళం తెస్తడట వానికి!" కృప ఉరికి వెనుక తలుపు గడియ బిగించింది. దానికి వీపు ఆనించి కింద కూలబడింది. బస్తాలు లాగే ఇనుప కొక్కెం చేతిలోకి తీసుకుంది. "గీ తలుపు నేను తియ్య. ఆటో లేదు, ఏం లేదు. తీస్తే ఎదురుంగ వాడే ఉంటడు."

"భీమన్న అసుంటోడు కాదు బిడ్డా."

"మరి ఎవలు చెప్పిండ్రు? తెలిసింది ఇద్దరికి. నువ్వు, ఆయన. నువ్వైతే చెప్పవు."

షట్టర్ మీద దబ్బున తన్ను పడింది.

"ఓ కృపా!" నరేష్ పాట పాడుతున్నట్టు పిలిచాడు. "నేను సింహాన్నట గదనే? నువ్వు గొర్రెపిల్లవట! నీ చుట్టు అగ్ని గోడ ఉందట! ఏదీ, నాకు కాలుతలేదు గదా?"

వెంట వచ్చినవాళ్లు పగలబడి నవ్వారు.

సింహం, గొర్రెపిల్ల, అగ్ని గోడ. ఆ మాటలు సువార్తవి. ఈ పొద్దున ఐదు గంటలకు తన నోట్లోంచి వచ్చినవి.

రోజూ ఆ వేళకు యాకోబు పాస్టర్ ఫోన్‌లో అందరినీ కలుపుతాడు. ఆర్మూర్, ఆలూర్, వేల్పూర్ విశ్వాసులు అరవై మంది దాకా ఉంటారు. ఎవరి దుప్పట్లో వాళ్లు పడుకునే వింటారు. మధ్యలో ఎవరిదో గురక, ఎవరింట్లోదో కుక్కర్ కూత. "సువార్తమ్మా, ఈ రోజు మీరు నడిపించండి," అన్నాడు పాస్టర్. కృప ఇంకా నిద్రలోనే ఉంది. ఆమె నడిపించింది. వానల కోసం, పిల్లల పరీక్షల కోసం చేసి ఊరుకుంటే పోయేది. "తండ్రీ, సింహం నోట్లోంచి తప్పించి నా గడపకు పంపిన గొర్రెపిల్ల మా కృపను కాపాడు. ఆలూర్ రోడ్డు పసుపు షెడ్డులో ఆమె చుట్టూ అగ్ని గోడ కట్టు," అంది, దేవుడికి చిరునామా తెలియదన్నట్టు. ఎవరో "ఎంత మంచి మనసమ్మా నీది!" అన్నారు. ఆ మాట పొద్దంతా నాలుక మీద బెల్లంలా కరిగింది.

వేల్పూర్‌లో నరేష్ అక్క కూడా ఆ ఫోన్‌లో ఉంటుందన్న సంగతి ఇప్పుడు గుర్తుకొచ్చింది.

"పోలీసులకు ఫోన్ కొడ్దాం," అంది సువార్త.

"పోయినసారి ఠాణాల రాజీ చేసి వానెంటనే తోలిండ్రు. చెయ్యి ఇరిగింది గా రాత్రే." కృప మోకాళ్ల మీద తల పెట్టుకుంది. "నాకు ఎవ్వల మీద నమ్మకం లేదక్కా. నువ్వొక్కదానివే."

సువార్త నిజం చెబితే కృపకు ఆ ఒక్కతీ కూడా మిగలదు. చెప్పకపోతే తలుపు తెరుచుకోదు. భీమన్న దొంగవుతాడు, పిల్ల ఇక్కడే దొరికిపోతుంది.

బయట ఇనుము మీద ఇనుము రాసుకుంటోంది. తాళంలో రాడ్డు పెట్టి తిప్పుతున్నారు.

వెనుక తలుపు మీద మూడు దెబ్బలు పడ్డాయి.

కృప కొక్కెం పైకెత్తింది.

"చెప్పింది భీమన్న కాదు," అంది సువార్త. "నేను."

కృప కొక్కెం దించలేదు.

"పొద్దున ఫోన్ ప్రార్థనల చెప్పిన. నీ పేరు చెప్పిన, షెడ్డు చెప్పిన. వాని అక్క విన్నది."

"మర్సిపోయి చెప్పినవా?"

అవునంటే సరిపోతుంది. కృప అందించిన మాటే. సువార్త కళ్లు మూసుకుంది.

"లేదు బిడ్డా. నీ కోసమని నాకు నేనే చెప్పుకున్న. కాదు. నేనెంత మంచిదాన్నో నలుగురు వినాల్నని చెప్పిన. భీమన్నకు ఒక్క పాపం తెల్వదు. నన్ను నమ్మకు. ఆయన్ను నమ్ము."

కృప లేచింది. సువార్త ముఖంలోకి చూసింది. కొక్కెం కింద పడేసి గడియ లాగింది.

ఎండబోసిన పసుపు మధ్య ఆటో ఆగి ఉంది. "ఇంతసేపా తల్లీ? పానం పోయింది నాకు," అన్నాడు భీమన్న చెమట తుడుచుకుంటూ.

"మాఫ్ చెయ్యి కాకా," అంటూ కృప ఎక్కింది. సువార్త కూడా కాలు పెట్టబోయింది.

"నువ్వు రాకు." కృప మంచి చేతిని అడ్డం పెట్టింది. "నేను ఏడ ఉంటనో నీకు తెల్వొద్దు."

ఆటో స్టార్టయింది. కదులుతుండగా కృప తల బయటికి పెట్టింది.

"నా కోసం ప్రార్థన చెయ్యి అక్కా. పేరు పెట్టకు."

ఆటో ఎటు తిరుగుతుందో చూడకుండా సువార్త లోపలికి వచ్చింది. గడియ వేసి, కృప కూర్చున్న చోటే తలుపుకు వీపు ఆనించి కూర్చుంది. తాళం విరిగింది. షట్టర్ కింద నుంచి ఎండ, మూడు జతల కాళ్లు లోపలికి వచ్చాయి.

"ఏడవోయిందే అది?" అన్నాడు నరేష్.

"తెల్వదు," అంది సువార్త. అది నిజం.

అతను మళ్లీ అడిగాడు. ఆమె పెదాలు కదులుతున్నాయి. చప్పుడు మాత్రం రావడం లేదు.