పదకొండు చోట్లకు వెళ్లిన కాగితం

“కష్టపడి పనిచేసే స్వభావం” అన్న మాటను ఆయన తీసేశాడు. రెజ్యూమెలో ఆ మాట ఎవరైనా రాసుకుంటారు. గాడిద కూడా రాసుకోవచ్చు, దానికి ఇంకాస్త హక్కుంది. దాని బదులు “మందుల వేళ గుర్తుచేసే ప్రోగ్రామ్ రాశాను. నాలుగొందల మంది రోజూ వాడుతున్నారు” అని రెండు వేళ్లతో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ టైపు చేశాడు. “రోజూ” తీసి చూశాడు. మళ్లీ పెట్టాడు.

పొద్దున ఏడున్నరైంది. వంటింట్లో పాలు కాగుతున్నాయి. ఆ రెజ్యూమె ఆయనది కాదు, పద్నాలుగు నెలల క్రితం పోయిన భార్యది.

ప్రెస్సులో ఆయన్ని అందరూ మాస్టారూ అంటారు. ఎవరికీ ఒక్క పాఠం చెప్పిన పాపాన పోలేదు. ముప్పైయొక్కేళ్లుగా ప్రూఫులు దిద్దుతున్నాడు. మెడ కొద్దిగా ఎడమకు వంగిపోయింది, కుడిచేతి మధ్యవేలి మీద పెన్ను ఒరిసి కాయ కాసింది. వెయ్యి తప్పులు దిద్దినా పుస్తకంలో ఆయన పేరుండదు. ఒకటి వదిలేస్తే మాత్రం ఊరంతా వేలు పెట్టి చూపిస్తుంది.

ఆయన వదిలేసిన తప్పును మాత్రం ఎవరూ చూపించలేదు.

భార్య తొమ్మిదేళ్లు ఇంటిపట్టునే ఉండి, నలభై రెండో ఏట వంటింటి చెక్క స్టూలు మీద కూర్చుని ప్రోగ్రామింగ్ నేర్చుకుంది. ఒక సాయంత్రం కాగితం తెచ్చి ఆయన ముందు పెట్టింది. “ఒక్కసారి చూసి పెట్టవూ?” అంది. పగలంతా దిద్ది దిద్ది కళ్లు మండుతున్నాయి. “బాగుంది, పంపెయ్” అన్నాడు, చదవకుండానే. పదకొండు కంపెనీలకు పంపింది. ఒక్క ఫోనూ రాలేదు. “ఈ వయసులో నన్నెవరు పిలుస్తార్లే” అని నవ్వేసింది. తర్వాత జ్వరం వచ్చింది. తొమ్మిదో రోజుకు మనిషి లేదు.

నెల తర్వాత సొరుగులో ఆ కాగితం దొరికితే మొదటిసారి చదివాడు. ఫోన్ నంబరులో చివరి నుంచి రెండో అంకె ‘1’ ఉండాల్సిన చోట ‘7’ పడి ఉంది.

ఆ రోజు నుంచి ఆ కాగితాన్ని దిద్దుతూనే ఉన్నాడు. ఆమె పుస్తకాలు ముందేసుకుని ప్రోగ్రామింగ్ అక్షరాభ్యాసం చేశాడు. ఎక్కడ ఉద్యోగం ఖాళీ అన్నా ఆమె పేరుతో పంపుతున్నాడు. కూతురు మొదట్లో ఏడ్చింది, తర్వాత ఊరుకుంది.

ఇవాళ ఆమె ప్రోగ్రామ్ ఉంచిన పోర్ట్‌ఫోలియో పేజీ తెరిచి, అక్కడే ఆగిపోయాడు. ఆ ప్రోగ్రామ్‌లో మూడు వారాలుగా ఆయనకు కొరుకుడు పడని తప్పొకటుంది. సరిగ్గా రాత్రి పన్నెండుకు వేసుకోవలసిన మాత్రకు అది రెండుసార్లు మోగుతోంది. “రెండోసారి మింగబోయి ఆగాను తల్లీ” అని ఒక ముసలామె రాసింది కూడా. ఇప్పుడా తప్పు లేదు. దాని స్థానంలో ఏడు లైన్లున్నాయి. పక్కన భార్య పేరు, ఉదయం నాలుగూ పది అని సమయం, కింద చిన్న మాట: “ఇక ఒక్కసారే మోగుతుంది.”

కూతుర్ని పిలిచాడు. కళ్లద్దాల దుకాణంలో పనిచేసే పిల్ల, బయల్దేరుతూ జడ వేసుకుంటోంది. తెర చూసి జడ వదిలేసింది.

“నీకు చెప్పకూడదనుకున్నా నాన్నా. నువ్వే. నెల్లాళ్లుగా నిద్రలో లేచొచ్చి కూర్చుంటున్నావ్. పిలిస్తే పలకవు.”

“నేనా? ఇది నాకు రాదే!”

“అదే...” ఆమె గొంతు తగ్గించింది. “పగలు రెండు వేళ్లతో తడుముకుంటావు కదా. అప్పుడు మాత్రం పది వేళ్లూ ఆడతాయి. కిందకి చూడవు కూడా. అచ్చం అమ్మలాగే.”

పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. కూతురు పరుగెత్తి గ్యాస్ కట్టేసి, పొంగిన పాలు తుడిచొచ్చింది.

“సాయంత్రం ఐదుకల్లా వస్తా. డాక్టరు దగ్గరికి పోదాం. రానంటే కుదరదు.”

“అలాగేలే తల్లీ.”

ప్రెస్సు రెండో అంతస్తులో ఉంది. మెట్ల మీద మామూలుగా ఒకచోట ఆగేవాడు ఇవాళ మూడుచోట్ల ఆగాడు. ఎడమ భుజం లాగుతోంది. బల్ల మీద ఏదో దగ్గుమందు డబ్బాలో పెట్టే కాగితం ప్రూఫు ఉంది. మూడో పేరా దిద్దుతుండగా జేబులో భార్య ఫోన్ మోగింది. ఆయన దానికి రోజూ చార్జింగ్ పెడతాడు.

“మేడమ్ గారున్నారా అండీ? ఉద్యోగం విషయం.” ఆడగొంతు, చురుగ్గా ఉంది.

“నేను ఆవిడ భర్తనండీ. చెప్పండి.”

“రెజ్యూమె చూశాం. మామూలుగా అందరూ పది ప్రాజెక్టులు పెడతారు, ఒక్కటీ తెరుచుకోదు. ఈవిడ ఒక్కటే పెట్టారు, అది పనిచేస్తోంది. ఇవాళ పొద్దున సరిచేశారే, ఆ ఏడు లైన్లూ... మా టీమంతా వాటి గురించే మాట్లాడుకుంటోంది. రేపోసారి రాగలరా ఆవిడ?”

వస్తుంది అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అనేసి ఉంటే ఆ ఒక్క రోజుకైనా ఆమెకు ఉద్యోగం వచ్చినట్టే. మింగేశాడు.

“ఆవిడ పోయి పద్నాలుగు నెలలైందండీ.”



“మరి పొద్దున నాలుగూ పదికి రాసిందెవరండీ?”

ఆయన తన చేతులకేసి చూసుకున్నాడు. “నేనేనట.”

“అట ఏంటండీ?”

“మా అమ్మాయి చెప్పింది.”

ఆమె నవ్వలేదు. “అయితే మీ రెజ్యూమె పంపండి. మీ పేరుతో.”

“నాకు యాభై ఎనిమిదండీ.”

“నేను వయసు అడగలేదండీ.”

ఫోన్ పెట్టేయబోతుంటే ఆపాడు. “ఒక్క మాట. ఆవిడ ఉన్నప్పుడే ఇది చూసుంటే, పిలిచేవారా?”

“చూశామండీ. అప్పుడే నచ్చింది. రెండుసార్లు ఫోన్ చేశాం. ఎవరో వేరేవాళ్లెత్తి రాంగ్ నంబరన్నారు.”

దగ్గుమందు కాగితం సగంలో వదిలేసి, ఒంట్లో బాగోలేదని చెప్పి ఇంటికొచ్చేశాడు. రెండైంది. ఎండ కిటికీ దాటి బల్ల మీదికి వచ్చింది. ఖాళీ పేజీ తెరిచి పైన తన పేరు పెట్టాడు. పుట్టి బుద్ధెరిగాక తన గురించి తాను రాసుకోవడం ఇదే మొదలు. ‘ప్రూఫులు దిద్దడం, ముప్పైయొక్కేళ్లు’ అని రాశాడు. కింద ‘నేను చేసినవి’ అని పెట్టి ఆగాడు. ఏం చేశాడు? ఇతరుల మాటల్లో ఉన్న చెత్త ఊడ్చాడు. అదీ ఒక పనే కదా అనిపించింది. ఎన్ని మందుల కాగితాల్లో మోతాదు అంకెలు సరిచేశాడో గుర్తుచేసుకున్నాడు. రాయడం మొదలుపెట్టాడు. వాక్యం వెనక వాక్యం వస్తోంది. భుజం నొప్పి మోచేతిదాకా దిగింది. అక్షరాలు వెతుక్కోవడం మానేశానని చాలాసేపటికి గాని గమనించలేదు. మెలకువగానే ఉన్నాడు. భయం వేయలేదు. పక్కనెవరో మెల్లగా ఊపిరి తీస్తున్నట్టు ఉంటే, ఆ ఊపిరికి అడ్డం రాకుండా రాసుకుంటూ పోయాడు.

కూతురు ఐదుకు పది నిమిషాల ముందే వచ్చింది. తాళం తీసి, చెప్పులు విప్పుతూ “నాన్నా, లేస్తావా?” అంది. ఆయన బల్ల మీద చెంప ఆనించి ఉన్నాడు. చెయ్యి తాకి చూసి, ఇంక పిలవకుండా అక్కడే నేల మీద కూలబడింది. ప్రాణం పోయి అప్పటికే గంట దాటిందని డాక్టరు తర్వాత చెప్పాడు.

తెర మీద పేజీ నిండి ఉంది. ఒక్క కామా కూడా తప్పు పడలేదు. ‘నేను చేసినవి’ అన్నచోట ‘మేము చేసినవి’ అని ఉంది.

కాసేపటికి లేవబోతూ ఆమె దేన్నో పట్టుకుంది. వంటింట్లో గోడవారన ఉండే అమ్మ చిన్న చెక్క స్టూలు అది. పొద్దున తనే దాన్ని తలకిందులుగా పెట్టి, పాలు తుడిచిన తడిగుడ్డ దాని కాళ్ల మీద ఆరేసి వెళ్లింది. ఇప్పుడది నాన్న కుర్చీ పక్కన, తెరకు ఎదురుగా, నిటారుగా ఉంది.